నిలకడ లేని మనసు - నిలకడైన పనిచోటు



తెలుగువాళ్లు ఆరంభశూరులని ఒక అపవాదు ఎప్పటినుంచో ఉంది. తరాల కిందట తెలుగునేల వదిలి హోసూరుకో, బళ్లారికో, బరంపురానికో వచ్చి స్థిరపడ్డ మనవెంట ఆ మాట కూడా వచ్చింది. ఎవరైనా ఒక పని ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే, పెద్దవాళ్లు నవ్వి ఆ మాటే అంటారు. అయితే కొందరి విషయంలో ఇది నవ్వి వదిలేసేది కాదు. మొదలుపెట్టడంలో వాళ్లను మించినవారుండరు. కొనసాగించడంలో మాత్రం ఎంత ప్రయత్నించినా తడబడతారు. దానికి కారణం బద్ధకమూ కాదు, పొగరూ కాదు. చిన్ననాటినుంచీ వాళ్ల మెదడు పనిచేసే తీరులోనే ఒక తేడా ఉంటుంది. వైద్యులు దానిని ఏ.డి.హెచ్.డి. అంటారు.

అటువంటివారు ఒక వ్యాపారమో, చిన్న పరిశ్రమో పెట్టి పదిమందికి పని ఇచ్చారనుకోండి. ఆ పదిమందీ భయం లేకుండా, గౌరవంగా పనిచేసుకునే వాతావరణాన్ని ఏర్పరచడం ఎలా? ఈనాటి ప్రసంగం దాని గురించే. నేను డాక్టరును కాను, బడిలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని. పిల్లల్లో ఈ లక్షణాలను మొదట గమనించే అవకాశం చాలాసార్లు మా ఉపాధ్యాయులకే వస్తుంది. ఆ పిల్లలే పెద్దవాళ్లయి, కొందరు యజమానులవుతారు.

ఇది కొత్తగా పుట్టుకొచ్చిన జబ్బేమీ కాదు. 1902లోనే జార్జ్ స్టిల్ అనే వైద్యుడు లండన్‌లో ఇటువంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఇప్పుడున్న పేరు 1987లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో స్థిరపడింది. ఇది పిల్లలకే ఉంటుందని, పెరిగేకొద్దీ పోతుందని చాలాకాలం అనుకున్నారు. కాని చాలామందిలో పెద్దయ్యాక కూడా నిలిచి ఉంటుందని తరువాత తేలింది. నూరుమంది పెద్దవాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఉండవచ్చని అంచనా.

దీన్ని ధ్యాస లేకపోవడం అంటారు గాని, ఆ మాట పూర్తిగా సరిపోదు. ధ్యాస ఉంటుంది, కళ్లెమే చేతిలో ఉండదు. నచ్చిన పని దొరికితే అన్నం కూడా మరచిపోయి కూర్చుంటారు. నచ్చని లెక్కల పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేరు. ఎంతసేపు పడుతుందో అంచనా కట్టలేరు. ఎదుటివారి మాట పూర్తికాకముందే జవాబు చెప్పేస్తారు. చెప్పిన మాట చెప్పిన చోటే మరచిపోతారు. కొందరిలో కాలూచేయీ ఆడుతూ ఉంటాయి. మరికొందరిలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, పైకి ఏమీ కనిపించదు, పరుగంతా లోపలే. అందుకే చాలామంది ఆడపిల్లల్లో ఇది ఎవరి కంటా పడకుండా పోతుంది.

ఇటువంటివారిని వ్యాపారం సహజంగానే ఆకర్షిస్తుంది. రోజుకో కొత్త సమస్య ఉంటుంది, పైన అధికారి ఉండడు. నెదర్లాండ్స్‌లో కాలేజీ విద్యార్థులను పరిశీలించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఈ లక్షణాలు ఎక్కువగా ఉన్నవారిలో సొంత వ్యాపారం పెట్టాలన్న కోరిక కూడా ఎక్కువగా కనిపించింది. అయితే కోరిక వేరు, గెలుపు వేరు. ఇల్లు అలకగానే పండగ కాదని మన సామెత ఉండనే ఉంది.

ఇప్పుడు ఒక పనిచోటును ఊహించుకుందాం. మా హోసూరు వంటి ఊళ్లో ఒక సోదరి పన్నెండుమంది టైలర్లతో బడిపిల్లల యూనిఫారాలు కుట్టించే యూనిట్ నడుపుతోంది. జూన్‌లో బళ్లు తెరుస్తారు, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఊపిరాడదు. సోమవారం "ముందు చొక్కాలు పూర్తిచేయండి" అంది. బుధవారం ఇంకో బడివాళ్లు ఫోన్ చేయగానే "చొక్కాలు పక్కన పెట్టి గౌన్లు అందుకోండి" అంది. శుక్రవారం ఎక్కడో చూసిన కాజాలు కుట్టే మిషను కొనుక్కొచ్చింది. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో నాలుగు వాయిస్ మెసేజ్‌లు పెట్టింది. కూతురి ఫీజుకు అడ్వాన్స్ కావాలని ఒక టైలరు అడిగితే, "దానికేం, ఎల్లుండి తీసుకో" అని మనస్ఫూర్తిగానే అంది. ఎల్లుండి వచ్చింది. ఆమెకు గుర్తులేదు.

ఆమె చెడ్డ మనిషి కాదు. కాని ఆ టైలరుకు ఆమె మెదడు సంగతి ఏం తెలుసు? "మన మాటకు ఇక్కడ విలువ లేదు" అనుకుంటాడు. మిగతావాళ్లు తమను తాము కాపాడుకోవడం నేర్చుకుంటారు. "అక్క ఇప్పుడే చెప్పింది గదా, ఇంకో రెండుసార్లు చెప్పాక మొదలుపెడదాం" అనుకుంటారు. దాంతో పని ఆలస్యమవుతుంది, ఆమెకు కోపం వస్తుంది. ఆ కోపానికి భయపడి కుట్టులో వచ్చిన తప్పును ఆమెకు చెప్పకుండా దాస్తారు. చివరికి అందరికన్నా మంచి టైలరు గొడవేమీ పెట్టుకోకుండా, పండక్కి ఊరెళ్లి మళ్లీ తిరిగిరాడు.

కంపెనీ కల్చర్ అని ఇంగ్లీషులో అంటారే, అది ఇదే. గోడమీద అంటించిన నినాదాల్లో అది ఉండదు. యజమాని ఎదురుగా లేనప్పుడు పనివాళ్లు ఎలా నడుచుకుంటారో, ఏ మాట నమ్ముతారో, ఏది దాచిపెడతారో, అదంతా కలిస్తే వచ్చేదే ఆ పనిచోటి సంస్కారం. యజమాని మనసు నిలకడగా లేకపోతే, ఏ ఏర్పాటూ చేసుకోకపోతే, ఆ అలజడి పన్నెండుమందికీ పంపిణీ అవుతుంది.

మరి దారి లేదా అంటే, ఉంది. పాల్ ఓర్ఫలియా అనే అమెరికన్ వ్యాపారి కథ చూడండి. ఏ.డి.హెచ్.డి.తోబాటు అక్షరాలు చదవడంలో ఇబ్బంది, అంటే డిస్లెక్సియా కూడా తనకు ఉన్నాయని ఆయనే బహిరంగంగా చెప్పుకున్నాడు. చిన్నప్పుడు రెండో తరగతి తప్పాడు. 1970లో కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయం పక్కన చిన్న జెరాక్స్ కొట్టు పెట్టాడు. ఆయనది ఉంగరాల జుట్టు. దాన్నిబట్టి స్నేహితులు పెట్టిన ముద్దుపేరు కింకో. దానినే కొట్టుకు పెట్టాడు. గది ఎంత ఇరుకంటే, జెరాక్స్ మిషనును బయట కాలిబాట మీదికి తోసుకోవలసి వచ్చేది. 2004లో ఫెడెక్స్ కంపెనీ 240 కోట్ల డాలర్లకు కొనేనాటికి కింకోస్‌కు సుమారు 1200 దుకాణాలున్నాయి.

ఇందులో మనం నేర్చుకోవలసింది డబ్బు లెక్క కాదు, పని పంచుకున్న తీరు. తాను ఒకచోట కూర్చోలేడని, చదవడం, రాయడం తనకు కష్టమని ఆయన గుర్తించాడు. అందుకని కుర్చీలో కూర్చుని చేసే పనిని అది చేయగలవారికే వదిలాడు. దుకాణాలను భాగస్వాములతో కలిసి పెట్టాడు. తాను దుకాణం తరువాత దుకాణం తిరుగుతూ, ఎక్కడ ఎవరు ఏ మంచి పద్ధతి కనిపెట్టారో చూసి, దాన్ని మిగతావారికి చేరవేశాడు. అంటే నిలవలేని గుణాన్ని తిరగవలసిన పనికి వాడుకున్నాడు. నిలకడ కావలసిన పనికి నిలకడగలవారిని పెట్టుకున్నాడు. అలాగని ఈ రుగ్మత ఒక వరమని ఎవరూ అనుకోకూడదు. గెలిచిన ఒక్కరి పేరు మనకు వినపడుతుంది, మూతపడిన కొట్ల పేర్లు వినపడవు.

అంత పెద్ద సంస్థ లేకపోయినా మన యూనిఫారాల సోదరి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఆలోచన వేరు, ఆర్డరు వేరు అని తేల్చడం. మనసులోకి వచ్చిన ప్రతి కొత్త ఊహనూ ఒక నోటు పుస్తకంలో రాసుకుని శనివారం దాకా ఆగాలి. శనివారం కూడా అది మంచిదనిపిస్తేనే బయటపెట్టాలి. పనివాళ్లకు లెక్క నల్లబల్ల మీద తేదీతో రాసిందొక్కటే. నోటితో ఎన్ని చెప్పినా, బల్ల మీదికి ఎక్కనిది ఆర్డరు కాదు. "ఇది ఆలోచనా, ఆర్డరా అక్కా?" అని అడిగే హక్కు పన్నెండుమందికీ ఉండాలి. మన ఊళ్లలో దీనికి ఇంకో అవసరం కూడా ఉంది. యజమానిది తెలుగు, కటింగ్ మాస్టరుది తమిళం, పక్క మిషను మీద కుర్రాడిది ఒడియానో హిందీనో అవుతుంది. ఇన్ని భాషల మధ్య నోటిమాట మామూలుగానే జారిపోతుంది. అంకెలు, తేదీలు, ఒక బొమ్మ ఉంటే అందరికీ అర్థమవుతుంది.

రెండోది, వేళ. బడిలో గంట ఉపాధ్యాయుడి మనసెలా ఉందో చూసి మోగదు. హెడ్మాస్టరు సెలవు పెట్టినా మోగుతుంది. పిల్లవాడికి ఆ గంట ఒక ధైర్యం, తరువాత ఏం జరుగుతుందో ముందే తెలుస్తుంది. పనిచోట కూడా రోజూ ఒకే సమయానికి పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవాలి. నిన్న ఏం పూర్తయింది, ఇవాళ ఏం చేయాలి, ఎక్కడ అడ్డం పడింది, ఈ మూడు చాలు. యజమాని రాకపోయినా ఆ సమావేశం జరగాలి. రాత్రి వాయిస్ మెసేజ్‌లు పెట్టవద్దు. అప్పుడే చెప్పాలనిపిస్తే రికార్డు చేసి దాచుకుని, పొద్దున సూపర్‌వైజరుకు వినిపించవచ్చు.

మూడోది, కాదనగల ఒక మనిషి. సూపర్‌వైజరో, లెక్కలు చూసే గుమాస్తానో, ఎవరైనా సరే, "ఈ వారం కొత్త ఆర్డరు వద్దమ్మా" అని చెప్పగలగాలి. అలా చెప్పినందుకు ఆ మనిషి నలుగురిలో చీవాట్లు తినకూడదు. ఒక్కసారి తిన్నా, ఇక ఎవరూ నిజం చెప్పరు. ఆ స్థానంలో ఇంటి బంధువునే కూర్చోబెట్టే అలవాటు మనలో ఉంది. బంధువైనా ఫరవాలేదు, ఎదురు చెప్పే దమ్ము ఉంటే.

నాలుగోది, డబ్బు. జీతం యజమాని జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. నెలజీతం తరువాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలని, ప్రావిడెంట్ ఫండ్ వర్తించే సంస్థ 15వ తేదీలోగా ఆ సొమ్ము కట్టాలని నిబంధనలున్నాయి. ఈ తేదీలు బ్యాంకుకో, గుమాస్తాకో అప్పగిస్తే మరపుకు చోటుండదు. ఇక అడ్వాన్స్‌లు, సెలవులు, బోనస్ మాటలకు విడిగా ఒక చిన్న పుస్తకం పెట్టుకోవాలి. మాట ఇచ్చిన క్షణంలోనే, అడిగిన మనిషి ఎదుటే తేదీ వేసి రాయాలి. రాయలేకపోతే మాట ఇవ్వకూడదు. ఆ టైలరు కూతురి ఫీజు ఆ పుస్తకంలో ఒక్క వరస. ఆ వరస రాసి ఉంటే ఒక మంచి పనివాడు నిలిచేవాడు.

ఐదోది, కోపం. ఈ రుగ్మత ఉన్నవారిలో చాలామందికి కోపం తాటాకు మంటలాగా భగ్గుమని వచ్చి చప్పున ఆరిపోతుంది. అన్నవారు మరచిపోతారు, పడ్డవారు మరచిపోరు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు. తప్పు కనబడగానే మాట్లాడకుండా, బయటికి నడిచి మంచినీళ్లు తాగి వచ్చాక మాట్లాడడం ఒక పద్ధతిగా పెట్టుకోవచ్చు. నోరు జారితే, ఎంతమంది ఎదుట జారిందో అంతమంది ఎదుటే క్షమాపణ చెప్పాలి. గదిలోకి పిలిచి చెప్తే సగం అప్పు మిగిలిపోయినట్టే.

తన పరిస్థితి పనివాళ్లకు చెప్పాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. జబ్బు పేరు చెప్పకపోయినా అవసరం చెప్పవచ్చు. "నాకు నోటిమాట గుర్తుండదు, ఏం అడిగినా రాసివ్వండి" అంటే చాలు. కాని "నా తీరే అంత, సర్దుకోండి" అనడం న్యాయం కాదు. కారణం చెప్పినంతమాత్రాన బాధ్యత తీరదు. ఇంకో సంగతి. అదే తడబాటు ఒక పనివాడిలో కనిపించవచ్చు. తనకోసం పెట్టుకున్న నల్లబల్ల, పుస్తకం, గంట ఆ పనివాడికీ పనికివస్తాయి. అతన్ని మతిమరుపువాడని వెక్కిరించే చోట, యజమాని కూడా తన లోపాన్ని దాచుకోవలసే వస్తుంది.

ఇన్ని చెప్పినా వైద్యానికి ఇవి బదులు కావు. ఈ లక్షణాలు విని "ఇది నేనే" అని ఎవరికివారు తీర్మానించుకోవద్దు. నిద్రలేమి, థైరాయిడ్, దిగులు, ఆందోళన కూడా ఇలాగే కనిపించవచ్చు. పన్నెండేళ్ల లోపే కొన్ని లక్షణాలు మొదలయ్యాయా, ఇంటా బయటా రెండుచోట్లా ఉన్నాయా అని మానసిక వైద్యుడు ఆరా తీస్తాడు. మందులున్నాయి, అవి వైద్యుడి చీటీ మీదే వాడాలి. అలవాట్లను దిద్దుకునే మానసిక చికిత్సా ఉంది. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలీ మానస్ అనే ఉచిత సర్కారు సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది. నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మనసుకు కళ్లెం వేయడం ఒక్కరోజులో అయ్యేది కాదు, బహుశా పూర్తిగా ఎన్నటికీ కాకపోవచ్చు. నల్లబల్ల మీద తేదీ వేయడం మాత్రం రేపు పొద్దున్నే మొదలుపెట్టవచ్చు. పనివాడు యజమాని మనసు ఎప్పుడూ ప్రశాంతంగా ఉండాలని కోరుకోడు. ఇచ్చిన మాట నిలుస్తుందని, తప్పు చెప్పుకుంటే తిట్లు పడవని, ఏడో తేదీకి జీతం చేతికొస్తుందని నమ్మకం ఉంటే చాలు. ఆ నమ్మకం ఉన్నచోట, యజమాని ఆరంభశూరత్వం కూడా పదిమందికి అన్నం పెడుతుంది.