ఎగ్జిట్ 16 గుర్తున్నట్టే ఫైలు కూడా గుర్తుండాలంటే!

శంషాబాద్‌లో రూము, నానక్‌రామ్‌గూడలో ఆఫీసు. రోజూ ఔటర్ మీదే ప్రయాణం. 158 కిలోమీటర్ల ఆ రోడ్డుకు ఎన్ని ఎగ్జిట్‌లున్నాయని అడిగితే మనలో చాలామంది బుర్ర గోక్కుంటాం. తెలిసినవి రెండే. 16లో ఎక్కు, 19లో దిగు. బోర్డు మీద ఊరి పేరు కూడా చదవం.

అదే మనిషి ఆఫీసుకెళ్లి కోడ్ ఎడిటర్ తెరిస్తే మాత్రం దారి తప్పుతాడు. ప్రాజెక్టులో ఫైళ్లు వందల్లో ఉంటాయి. ఇవాళ్టి పని నాలుగింటితోనే: ఒక కంట్రోలర్, దాని టెస్టు, ఒక కాన్ఫిగ్, క్వెరీలున్న ఫైలు. కానీ పైన ఇరవై ట్యాబ్‌లు, పేర్లు సగం సగం కనిపిస్తూ. సరే వెతుకుదాం అని కంట్రోల్ పీ నొక్కి ‘యూజర్’ అని కొడితే యూజర్ పేరున్న ఫైళ్లన్నీ వరస కడతాయి. కావాల్సింది దొరికేసరికి దేనికోసం వచ్చామో మర్చిపోతాం. వెతకడానికి పోయేది మూడు సెకన్లే. అసలు నష్టం ఆ మర్చిపోవడంలో ఉంది.

దీనికి పాత మందొకటి ఉంది. 1991లో వచ్చిన విమ్ ఎడిటర్‌లో ఎం నొక్కి, పెద్ద ఏ కొడితే ఆ చోటు గుర్తుండిపోతుంది. తర్వాత ఏ ఫైల్లో ఉన్నా కొటేషన్ గుర్తు, పెద్ద ఏ కొడితే అక్కడ వాలతాం. ప్లగిన్ అక్కర్లేదు. చిక్కు రెండు చోట్ల. అక్షరాలు 26, ప్రాజెక్టులన్నిటికీ కలిపి అవే. పైగా తీసుకెళ్లేది గుర్తు పెట్టిన లైనుకే. మీరు మధ్యలో రెండొందల లైన్లు కిందకెళ్లి పని చేసుంటే, అక్కడికి కాదు.

ఆ చిక్కుల మీదే హార్పూన్ పుట్టింది. తిమింగలాలను వేటాడే ఈటె పేరది. యూట్యూబ్‌లో ‘ది ప్రైమజెన్’గా పేరున్న, ఒకప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసిన ప్రోగ్రామర్ నియోవిమ్ కోసం రాశాడు. కావాల్సిన ఫైళ్లను జాబితాలో చేర్చి, ఒక్కోదానికి ఒక్కో మీట పెట్టుకుంటాం. రెండోది నొక్కితే రెండో ఫైలు, అదీ మనం వదిలొచ్చిన లైను దగ్గరే. నాకు బాగా నచ్చింది దాని మెనూ. అది మామూలు టెక్స్ట్‌లాగే ఉంటుంది. లైను కత్తిరించి పైన అతికిస్తే వరస మారిపోతుంది. అయితే మామూలుగా ఇది ఏ ఫోల్డర్ నుంచి ఎడిటర్ తెరిచామో దాన్ని బట్టి జాబితా చూపిస్తుంది. అలవాటు తప్పి లోపలి ఫోల్డర్‌లోంచి తెరిస్తే జాబితా ఖాళీ! మొదటిసారి ఎవరికైనా గుండె జారుతుంది.

గ్రాపుల్‌కు ఆ ఇబ్బంది లేదు. అది గిట్ రిపోజిటరీని పట్టుకుంటుంది, ఎక్కడి నుంచి తెరిచినా ఒకటే జాబితా. బ్రాంచికో జాబితా కూడా పెట్టుకోవచ్చు. పొద్దున ఫీచర్ పని, మధ్యాహ్నం ‘అర్జంట్ బగ్’ అని మెసేజ్, సాయంత్రం మళ్లీ ఫీచర్... ఇదే మీ బతుకైతే నా ఓటు దీనికే. బ్రాంచి మారితే ఫైళ్లూ మారతాయి, తిరిగొస్తే పాతవి అలాగే ఉంటాయి.

నంబర్లు గుర్తుండవు బాబూ అనేవాళ్లకు యారో. ఒక్క మీట నొక్కితే చిన్న మెనూ వస్తుంది, ఫైలు పక్కనే ఏం నొక్కాలో రాసుంటుంది. చూసి నొక్కడమే. హార్పూన్ కన్నా ఒక మీట ఎక్కువ. అయితేనేం, నేర్చుకునే బాధ లేదు. ఒకే ఫైల్లో లైన్లకు విడిగా బుక్‌మార్కులు పెట్టుకునే వీలూ ఉంది.

‘మాది వీఎస్ కోడ్ కదా’ అంటారా? ముందు ప్లగిన్ల జోలికి పోకండి. ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి పిన్ చేస్తే అది ఎడమ చివర కూర్చుంటుంది. తర్వాత ఆల్ట్ పట్టుకుని 1, 2, 3 (మ్యాక్‌లో కంట్రోల్). హార్పూన్ చేసే పనిలో ముప్పావు వంతు ఉచితంగా వచ్చేసినట్టే. బుక్‌మార్క్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఉందిగా అని అది వేసుకునేవాళ్లూ ఉన్నారు. అది గుర్తు పెట్టేది లైన్లను. పొడుగాటి ఫైల్లో బాగా పనికొస్తుంది, ఫైళ్ల మధ్య గెంతడానికి చేసింది కాదు.

ఇక ఆఫీస్ క్యాబ్‌లో ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, మౌస్‌కు చోటు లేక, ట్రాక్‌ప్యాడ్ మీద వేలు జారుతూ పనిచేసేవాళ్లకు వీటిలో ఏదైనా మేలే. కానీ ఉత్సాహం కొద్దీ పదిహేను ఫైళ్లు చేర్చారో, మళ్లీ ట్యాబ్‌ల సంతే. నాలుగైదు చాలు. రోజూ ముట్టుకునేవి పైన ఉంచి, కొత్తవి అడుగున చేర్చండి. మొదటి స్థానంలో కొత్త ఫైలు దూరిస్తే కింద నంబర్లన్నీ జరిగిపోయి, వేలు నొక్కేది ఒకటి, తెరుచుకునేది ఇంకొకటి అవుతుంది. 2023లో నార్సింగి దగ్గర ఔటర్‌కు కొత్త దారి తెరిచారు. అయినా నానక్‌రామ్‌గూడ నంబరు 19గానే ఉంది.