కాటన్ దొరవారి యింటిపేరు



నేను ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పితిని. వాచకములో ధవళేశ్వరపు ఆనకట్టను గూర్చిన పాఠము వచ్చినపుడెల్ల, దానిని కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరవారి పేరునకు నేనొక వ్యుత్పత్తి చెప్పుచుండెడివాడను. "కాటన్ అనగా ప్రత్తి. దొరవారి పూర్వులు ప్రత్తి బేరమో నూలు నేతయో చేసియుందురు. వృత్తినిబట్టి వచ్చిన యింటిపేరిది" అనెడివాడను. పిల్లలు దానిని శ్రద్ధతో వ్రాసికొనెడివారు. కాటన్ చీర, కాటన్ పంచె అని యింటింట వినబడు మాటయే కనుక ఎవరికిని సందేహము కలుగలేదు.

కొంతకాలము క్రిందట నాయొద్ద చదువుకొని యిప్పుడు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా నున్న శిష్యుడొకడు నన్ను చూడవచ్చెను. మాటలలో మాటగా, "మాస్టారూ, ఇంగ్లండులో ప్రత్తి పండదు గదా! అక్కడ నూలు మిల్లులు వచ్చుటకు ఎన్నో వందలయేండ్ల ముందే కాటన్ అను పేరుగలవారు వారి చరిత్రలో కనబడుచున్నారు. మీరు చెప్పినది ఎట్లు పొసగును?" అని యడిగెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. వానికి కాఫీ యిప్పించి, విచారించి చెప్పెదనంటిని. ఆ విచారణ ఫలమే నేటి యీ ప్రసంగము.

మొదట ప్రత్తిని గూర్చి. ప్రత్తికి ఇంగ్లీషువారు వాడు కాటన్ అను మాట వారి సొంతము కాదు. అరబ్బులు ప్రత్తిని కుత్న్ అందురు. వారినుండి స్పెయినువారు దానిని అల్గొదోన్ అనియు, ఫ్రెంచివారు కొతోన్ అనియు గ్రహించిరి. ఫ్రెంచివారినుండి ఆ మాట ఇంగ్లండు చేరెను. లాంకషైరు సీమలో ప్రత్తినూలు పని తలయెత్తినది ఇంచుమించు క్రీ. శ. 1600 ప్రాంతముల. అట్లుండగా, నారిచ్ పట్టణపు క్రైస్తవ మఠములో నుండి ఇంగ్లండు చరిత్రమును లాటిను భాషలో వ్రాసిన బర్తలోమ్యూ డి కాటన్ అను సన్న్యాసి 1298లో గతించెను. ప్రత్తిపనికి మూడువందల యేండ్లు ముందుననే యా పేరు గ్రంథస్థమై యున్నదన్నమాట. నా శిష్యుని యాక్షేపణము అక్షరాల నిజము.

ఆ సన్న్యాసి పేరులోని డి అను చిన్న ముక్కను గమనింపుడు. ఫ్రెంచి భాషలో దానికి 'యొక్క, నుండి' అని యర్థము. పేరునకు ముందు అది యున్నచో, తరువాత వచ్చునది ఊరిపేరని గ్రహింపవలెను. కనుక కాటన్ అనునది ఊరిపేరు. ఒక్క ఊరు గాదు. కేంబ్రిడ్జి పట్టణము ప్రక్కనే కోటన్ అను పల్లె గలదు. నార్తాంప్టన్ సీమలో నొకటి, స్టాఫర్డ్ సీమలో కొన్ని, వారిక్ సీమలో కొన్ని, ష్రాప్‌షైరులో నొకటి కలవు. వ్రాతలో కొన్ని ఒక టకారముతోను, కొన్ని రెండు టకారములతోను వ్రాయబడుచున్నవి. ఈ యూళ్లలో పెక్కింటికి అర్థ మేమనగా, 'గుడిసెలు'.

ప్రాచీనాంగ్లభాషలో కొట్ అనగా గుడిసె, పూరిపాక. గొఱ్ఱెల పాకకును, పావురముల గూటికిని నేటికి నదే మాట మిగిలియున్నది. కాటేజి అనునదియు దాని సంతతియే. ఇంగ్లండును జయించిన విలియము రాజు 1086లో దేశమంతయు లెక్కలు తీయించి వ్రాయించిన డూమ్స్‌డే గ్రంథములో, అయిదారెకరముల చెలకయో, అదియును లేకయో, దొరల పొలములలో వెట్టి చేయుచు గుడిసెలలో బ్రతుకు పేదజనులు ఒక ప్రత్యేక తరగతిగా లెక్కింపబడిరి. వారి తరగతి పేరును ఈ కొట్ శబ్దమునుండి పుట్టినదే. అట్టి గుడిసెవాసుల చిన్న చిన్న పల్లెలకు పెద్ద పేర్లెవరు పెట్టుదురు? 'ఆ గుడిసెల కాడ' అని చెప్పుకొనిరి. అదియే యూరిపేరయ్యెను.

ఇక్కడ నాకు మిక్కిలి సంతోషము కలిగించిన వ్యాకరణవిషయ మొకటి యున్నది. ప్రాచీనాంగ్లమునకు మన సంస్కృతమువలె విభక్తులు గలవు. కొట్ శబ్దమునకు చతుర్థీ బహువచనము కొటుమ్. వారి భాషలో చతుర్థియే సప్తమి పనియు చేయును. కనుక 'గుడిసెలయందు' అనుటకు కొటుమ్ అనిరి. కాలక్రమమున చివరి మకారము నకారమై కొటున్, కోటన్, కాటన్ అయ్యెను. కొన్నిచోట్ల మకారము మాఱలేదు. లాంకషైరులోను నాటింగ్‌హామ్ సీమలోను కాటమ్ అను నూళ్లును, ఆ పేర యింటిపేరుగలవారును నేటికి నున్నారు. కాటన్‌వారు, కాటమ్‌వారు అర్థమున నొక్కటే.

మన యిండ్లపేర్లను చూడుడు. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ఊరు గుంటూరు, ఇంటిపేరు గుంటూరి. చివర ఉకారము పోయి ఇకారము వచ్చినది. చిన్నయసూరి తన బాలవ్యాకరణములో ఔపవిభక్తికము లని చెప్పినవి ఇట్టివే. అనగా మన యింటిపేరులో ఊరిపేరు ప్రథమావిభక్తిలో లేదు. 'ఆ యూరి' అను సంబంధమును తెలుపు రూపములో నిలిచిపోయినది. అక్కడను అంతే. ఇంగ్లీషువారు తమ విభక్తు లన్నిటిని ఇంచుమించు విడిచిపెట్టి అయిదువందల యేండ్లు దాటినది. ఆ లుప్తవిభక్తి మాత్రము వారి కాటన్ శబ్దపు చివర, ఎవరును గుర్తింపకుండ, నకారరూపమున కూర్చుండియున్నది. నేను మూడు దశాబ్దములు ఔపవిభక్తికములు చెప్పియు, ఈ యుదాహరణము నెఱుగక ప్రత్తి కథ చెప్పుచుంటినే యని సిగ్గుపడితిని.

ఒకసారి పొరబడినవాడు రెండవమాఱు జాగ్రత్తపడవలెను గదా. నేను వెంటనే మఱొక పొరపాటు చేయబోతిని. కొట్ అనగా గుడిసెయని తెలియగానే, మన కుటి, కుటీర శబ్దములు జ్ఞప్తికి వచ్చినవి. ధ్వనియు నొకటే, అర్థమును నొకటే. రెండును ఒకే మూలమునుండి పుట్టినవని నిశ్చయించి శిష్యునకు ఉత్తరము వ్రాయుటకు కలము చేతబట్టితిని. అదృష్టవశమున భాషాశాస్త్రగ్రంథమును మరల తిరుగవేసితిని. ఇంగ్లీషు మొదలగు జర్మనిక భాషలలో పదాది కకారము, సంస్కృతములో గకారమునకో జకారమునకో సరిపోవును గాని కకారమునకు సరిపోదు. మన గోవు వారికి కౌ. మన జనమునకు సరియైనది వారి కిన్ అను బంధువాచకము. టకారము కూడ నంతే: మన దశ వారికి టెన్, మన ద్వి వారికి టూ. ఈ లెక్కను కుటికిని కొట్‌నకును చుట్టఱికము పొసగదు. పైగా కుటి శబ్దము సంస్కృతమునకు ద్రావిడభాషలనుండి వచ్చినదని పండితులు పెక్కుమంది తలంచుచున్నారు. అందుచేత ఆ యుత్తరమును చించివైచితిని.

విచిత్ర మేమనగా, ఇంగ్లీషువారు మంచమునకు కాట్ అను మాట వాడుదురు. అది మాత్రము మనదే! హిందీలోని ఖాట్ శబ్దమును కంపెనీ కాలమున వారు పట్టుకొనిపోయిరి. దానికి మూలము సంస్కృత ఖట్వా. చుట్టమనుకొన్నది చుట్టము కాదు, పరాయిదనుకొన్నది మనింటిది.

ఇక ఇంటిపేరు ఏర్పడిన విధము. 1066లో నార్మనులు వచ్చువఱకు ఇంగ్లండులో వంశపరంపరగా వచ్చు ఇంటిపేర్లు లేవనియే చెప్పవలెను. మొదట భూస్వాములు తమ యూళ్లపేర్లు తగిలించుకొనిరి. తరువాత పన్నుల లెక్కలకొఱకు సామాన్యులకును పేర్లవసరమయ్యెను. 1400 నాటికి ఇంచుమించు అందఱికి ఇంటిపేర్లు స్థిరపడినవి. డి అను ముక్క జారిపోయినది. ఊరిపేరు ఇంటిపేరగుట తఱచుగా ఆ యూరు విడిచినవానికే. కోటన్‌లో నున్నంతకాలము అందఱును కోటన్‌వారే. పొరుగూరు పోయినప్పుడు గదా 'వాడు కోటన్‌వాడు' అందురు! కోటన్ అను పల్లెలు పెక్కు గనుక కాటన్‌లందఱు ఒకే వంశమువారు కారు. మనలో ఇంటిపేరు కలిసినచో గోత్రమడిగి నిశ్చయించుకొందుము. వారికా సాధనము లేదు. 1538 నుండి చర్చీలలో వ్రాయబడుచు వచ్చిన పుట్టుక, పెండ్లి, మరణముల పట్టికలే వారికి ఆధారము.

ఈ యింటిపేరుగలవారిలో సర్ రాబర్ట్ కాటన్‌ను నేను ముందు చెప్పవలెను. ఈయన 1571లో పుట్టి 1631లో పోయెను. ఇంగ్లండులోని మఠములను రాజు మూయించినప్పుడు చెల్లాచెదరైన తాళపత్రములవంటి వ్రాతప్రతులను, వారివి చర్మపత్రములు, వెదకి వెదకి కూర్చెను. ఆయన గ్రంథాలయములో ఒక్కొక్క బీరువాపై ఒక్కొక్క రోమక చక్రవర్తి ప్రతిమ యుండెడిది. ఆ చక్రవర్తి పేరే బీరువాకు గుర్తు. రాజుల యధికారమునకు హద్దులుచెప్పు పాత పత్రములు అందుండుటచే 1629లో ప్రభుత్వము దానికి ముద్రవేసెను. మరల తెఱువకమునుపే ఆయన కన్నుమూసెను. 1731లో ఆ సంపుటములున్న యింటికి నిప్పంటుకొని కొన్ని కాలిపోయినవి, పెక్కు కమిలినవి. ప్రాచీనాంగ్లములోని బేవుల్ఫ్ అను వీరకావ్యమునకు లోకములో ఒక్కటే ప్రతి; అది యీ కాటన్ సంగ్రహములోనిదే, అంచులు కాలి బయటపడినది. 1215 నాటి మహాశాసనమునకు మిగిలియున్న నాలుగు ప్రతులలో రెండు ఈయన చేర్చినవి. ఇప్పుడవి లండనులోని బ్రిటిష్ గ్రంథాలయములో నున్నవి. మన బ్రౌను దొర తెలుగు తాళపత్రములకు చేసిన యుపకారమువంటిదే ఈయన తన భాషకు చేసెను.

అమెరికాకు పోయిన కాటన్‌లలో మొదటివాడుగా చెప్పదగినవాడు జాన్ కాటన్ అను మతాచార్యుడు. 1633లో ఆయన బోస్టను చేరెను. ఆయన మనుమడు, కూతురి కొడుకు, కాటన్ మేథర్. తాతగారి యింటిపేరు మనుమనికి పెట్టుడుపేరయ్యెను! ఈతడే 1721లో అక్కడ మశూచికమునకు టీకావంటి చికిత్సను ప్రోత్సహించినవాడు. అయితే అమెరికాలో ఈ పేరుగలవారిలో నల్లజాతివారు చాలమంది. 1865లో దాస్యవిముక్తి జరిగిన తరువాత, 1870 జనాభా లెక్కలలో వారిలో పెక్కుమంది పేర్లు ఇంటిపేరులతో మొదటిసారిగా వ్రాయబడినవి. పాత యజమానుల పేర్లు కొందఱికి నిలిచినవి. కొందఱు తామే యెన్నుకొనిరి. మిసిసిపీలో ప్రత్తితోటల కూలివారి బిడ్డగా 1935లో పుట్టి, నోటితో నూదు హార్మోనికా వాద్యమున లోకప్రసిద్ధుడై 2017లో గతించిన జేమ్స్ కాటన్ చరిత్ర చదివినప్పుడు నా మనస్సు చివుక్కుమన్నది. ఆతడు ప్రత్తిచేనిలో పెరిగినవాడు, పేరు కాటన్. అయినను ఆ పేరు పుట్టుక ఆ చేనిలో కాదు, ఎక్కడో ఇంగ్లండులోని గుడిసెలలో.

మన దేశమున కాటన్‌లు ఒక్కరు కారు. బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలకు పేరిచ్చిన మతాధికారి ఒకరు. 1904లో బొంబాయి కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ మఱొకరు. గౌహతిలోని కాటన్ విశ్వవిద్యాలయము ఆయన పేరిటిది.

మన దొరవారు మఱియొకరు. ఆయన కాంబర్మియర్ కాటన్‌ల శాఖవారు. వీరు తమ మూలస్థానము ష్రాప్‌షైరులోని కోటన్ అని చెప్పుకొందురు. 1539లో ఎనిమిదవ హెన్రీ రాజు కాంబర్మియర్ మఠమును సర్ జార్జి కాటన్‌కు ధారపోసెను. 1826లో భరత్‌పురపు కోటను పట్టుకొన్న సేనాపతి కాంబర్మియర్ ప్రభువు ఈ వంశమువాడే. ఆర్థర్ దొరవారి తండ్రికి అన్నకొడుకు. ఇంటిపేరు గుడిసెలది, నివాసము రాజు విడిచిన మఠము!

ఆర్థర్ దొరవారు 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఆక్స్‌ఫర్డ్ సీమలోని వుడ్‌కోట్ అను పల్లెలో జన్మించిరి. వుడ్ అనగా అడవి. కోట్ అనగా, ఇప్పుడు మీరే చెప్పగలరు. గుడిసెల యింటిపేరువారు అడవిగుడిసె యను పల్లెలో పుట్టిరి. ఆ బాలుడే యింజనీరై మన గడ్డకు వచ్చి, 1833 నాటి కఱవునకు చిక్కి శల్యమైన గోదావరీమండలమును చూచి, 1847లో పని మొదలిడి 1852 నాటికి రెండుంబావు మైళ్ల రాతికట్ట నిలిపెను. ఆ కట్టకు వారు వాడిన ఆనికట్ అను మాట మన దక్షిణాది భాషలదే. ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను 1900లో ప్రకటించెను. పెండ్లితో ఆమె యింటిపేరు మాఱినది. ఈ విషయమున వారి యాచారమును మన యాచారమును ఒక్కటే. ఇక్కడనో, గోదావరీతీరమున కొందఱు పురోహితులు స్నానసంకల్పములో ఆయనను పేరెత్తి స్మరించుచునే యున్నారు. 1982లో పూర్తియైన క్రొత్త బారేజికిని ఆయన పేరే పెట్టిరి.

ఈ సంగతులన్నియు శిష్యునకు వ్రాసితిని. నాయొద్ద చదివినవారెవరైన నేడు వినుచున్నచో, తమ పాత వాచకములు దొరకెనేని దిద్దుకొనవలసినదిగా కోరుచున్నాను. నా ప్రతిలో ఆ పాఠము ప్రక్క, నా చేతివ్రాతతోనే, 'కాటన్ = ప్రత్తి' అని యుండినది. దానిని కొట్టివైచి 'గుడిసెలయందు' అని వ్రాసితిని.