గీత సన్నబడితే స్వరం తప్పుతుంది

పాశ్చాత్య సంగీత లిపికి ఆధారం అయిదు అడ్డగీతలు. మన స్వరలిపి స, రి, గ, మ అక్షరాలతో నడుస్తుంది కనుక గీత మందమెంత అన్న చింత మనకు లేదు. అక్కడ మాత్రం చుక్క గీతమీద ఉన్నదా, రెండు గీతల నడుమ ఉన్నదా అన్నదే స్వరాన్ని నిర్ణయిస్తుంది.

వాద్యకారుని ముందుండే పుటలో ఈ అయిదు గీతల మొత్తం ఎత్తు సుమారు 7 మిల్లీమీటర్లు. ఒక్కొక్క గీత మందం దాదాపు 0.18 మిల్లీమీటరు. విద్యార్థి జేబులో పట్టే చిన్న ప్రతి కోసం ఆ పుటను సగానికి కుదిస్తే గీత 0.09కి చిక్కిపోతుంది. అంగుళానికి 300 చుక్కలు వేసే ముద్రణయంత్రానికి అది ఇంచుమించు ఒకే ఒక చుక్క. కొలత చుక్కల లెక్కకు సరిగా అమరనప్పుడు ఒక గీతకు ఒక చుక్క, దాని పక్క గీతకు రెండు పడవచ్చు. అయిదింటిలో ఒకటి లావై, వాయించేవాని చూపు అక్కడే తట్టుకుంటుంది. కంప్యూటరు తెరమీద పరిస్థితి ఇంకా కనాకష్టం. గీత ఒక చుక్కకైనా చాలక బూడిదరంగు నీడగా మిగులుతుంది.

పూర్వం జర్మనీలోని లైప్‌జిగ్ వంటి నగరాలలో లోహపు పలకలపై సంగీతం చెక్కిన పనివారు ఈ చిక్కును ఎరుగరు. వారికి ఒక్కొక్క పరిమాణానికి ఒక్కొక్క అయిదు మొనల పనిముట్టు, వేరువేరు ఉక్కు అచ్చులు ఉండేవి. చిన్నది పెద్దదానికి నకలు కాదు.

నెదర్లాండ్స్‌కు చెందిన హాన్-వెన్ నీన్‌హాయ్స్, యాన్ నీవెన్‌హాయ్జెన్ 1996లో ప్రారంభించిన ‘లిలీపాండ్’ అనే ప్రోగ్రాము ఆ పాత పనివారి దారినే పట్టింది. అందులో అయిదు గీతల ఎత్తును అచ్చువారి కొలతలో 20 పాయింట్ల నుంచి 16.5కు తగ్గిస్తే గీత మందం 0.50 నుంచి 0.47కు మాత్రమే దిగుతుంది. అదే నిష్పత్తిలో తగ్గించి ఉంటే 0.41 అయ్యేది! స్వరచిహ్నాలను సైతం ఎనిమిది పరిమాణాలకు ఎనిమిది విధాలుగా తీర్చారు. చిన్నవి కాస్త బొద్దుగా ఉంటాయి. అలాగని మందం మరీ పెంచినా ముప్పే. గీతల నడుమ తెలుపు పూడిపోయి పుటంతా నల్లబారుతుంది.

సిద్ధమైన పుటను ఛాయాచిత్రంవలె కుదించి పుస్తకంలో అతికించేవారికి మాత్రం ఈ ఏర్పాటు ఏదీ అక్కరకు రాదు. అచ్చు కాబోయే కొలతను ముందే ప్రోగ్రాముకు తెలిపి, పుటను మళ్ళీ గీయించవలసిందే.