బస్సు ఆగినా ఒళ్ళు ఆగదు



భౌతికశాస్త్రం అనగానే అది బడిపిల్లల పుస్తకాల్లోదని పక్కన పెట్టేస్తాం. కాని పొద్దున లేచింది మొదలు మన కాపురం దానితోనే! దుప్పటి దులిపితే దుమ్మెందుకు రాలుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? దుప్పటి చటుక్కున కదులుతుంది, దుమ్ము ఉన్నచోటే ఉండిపోతుంది. కడిగిన కొత్తిమీర కట్టను విదిలిస్తే చెయ్యి ఆగుతుంది, నీళ్ళు ఆగవు. ఫ్యాను బందు చేసినా రెక్కలు కాసేపు తిరుగుతూనే ఉంటాయి.

కదలనిది తనంత తాను కదలదు. కదిలేది తనంత తాను ఆగదు, దారీ మార్చుకోదు. ఈ మొండితనానికే జడత్వం అని పేరు. గెలీలియో గమనించిన ఈ గుణాన్నే న్యూటన్ 1687లో వెలువడిన 'ప్రిన్సిపియా' గ్రంథంలో మొదటి చలన సూత్రంగా చెప్పాడు.

మా గౌలిపుర పేరులోనే గౌలి, అంటే పాలవాడు, ఉన్నాడు. పాలబండికి బ్రేకు వేస్తే క్యానులో పాలు ముందుకు ఎగసిపడతాయి. బండి బయల్దేరితే వెనక్కి జరుగుతాయి. సిటీబస్సులో నిలబడ్డ మన సంగతీ అంతేనండీ. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది కదా, నిలబడి వెళ్ళేవాళ్ళం చాలామందిమి. ఒక పాదం ముందుకీ, ఒకటి వెనక్కీ వేసి, కడ్డీ గట్టిగా పట్టుకోండి. కదిలే బస్సులోంచి మాత్రం దిగకండి. పాదాలు నేలమీద ఆగిపోతాయి, పైఒళ్ళు బస్సు వేగంతోనే ముందుకు పోతుంది. అందుకే బోర్లా పడతాం.

ఇక రెండో సూత్రం. గుడ్డు గచ్చుమీద పడితే పగులుతుంది, అంతే ఎత్తునుంచి పరుపుమీద పడితే పగలదు. పరుపుమీద అది మెల్లగా ఆగుతుంది, గచ్చుమీద రెప్పపాటులో ఆగుతుంది. ఎంత తొందరగా ఆగితే అంత పెద్ద దెబ్బ అన్నమాట. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిందనుకోండి. ఒళ్ళో ఉన్న పది కిలోల బిడ్డను ఆపడానికి నూటపది కిలోల బరువు మోసేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకుంది అంత బలం? అందుకే పిల్లలకు కారులో బెల్టు పెట్టాలి. స్కూటరుమీద నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్ళలోపు బిడ్డను నడిపేవారికి కట్టివుంచే పట్టీ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నియమం కూడా ఉంది.

మూడోది, చర్యకు ప్రతిచర్య. నడిచేటప్పుడు మనం నేలను వెనక్కి తోస్తాం, నేల మనల్ని ముందుకు తోస్తుంది. షాబాదు బండమీద సబ్బునీళ్ళుంటే పాదానికి పట్టు దొరకదు, ఆ తోపుడూ ఉండదు. కాలు జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే స్నానాలగది ఎప్పటికప్పుడు పొడిగా తుడిచి ఉంచండి.

ఈ సూత్రాలకు మన తొందరలతో పనిలేదు. బస్సు పూర్తిగా ఆగాక దిగితే మనకు ఆలస్యమయ్యేది ఒక్క నిమిషమే కదండీ!