చెక్‌పోస్టు పోయింది.. సర్వర్ వచ్చింది!

జీఎస్‌టీ వెనుక ఓపెన్ సోర్స్
లైసెన్సుల ఖర్చు తగ్గినా కోడ్ జనానికి కనపడదు

దేవనహళ్ళి: అనంతపురంలో సరకు ఎత్తిన లారీ పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి దేవనహళ్ళి చేరాలంటే ఒకప్పుడు సరిహద్దులో పన్నుల చెక్‌పోస్టు దగ్గర వరుస కట్టాల్సిందే. కాగితాలు చూపాలి, ముద్ర వేయించుకోవాలి, వంతు కోసం కాచుకోవాలి. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చాక ఆ తంతు పోయింది. ఇప్పుడు ఇన్వాయిస్‌తో పాటు పన్నెండంకెల ఈ-వే బిల్లు నంబరు ఉంటే చాలు. అయితే ఆ నంబరు ఇచ్చేది కంప్యూటరు. అది మొరాయిస్తే లారీ గోదాము గేటు దాటదు. బిల్లు లేకుండా రోడ్డెక్కి దొరికితే పన్నుకు రెండింతల జరిమానా కట్టుకోవాలి.

తొలిరోజే చతికిల
వ్యాట్ కాలంలోనే కర్ణాటకలో ‘ఈ-సుగమ’ ఉండేది. సరకు వివరాలు ముందే నెట్‌లో నమోదు చేస్తే నంబరు వచ్చేది. ఆ అనుభవంతోనే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ దేశం మొత్తానికి ఈ-వే బిల్లు తయారు చేసింది. రూ.50 వేలు దాటిన సరకును రాష్ట్రం దాటించాలంటే 2018 ఫిబ్రవరి 1 నుంచి ఇది తప్పనిసరి అన్నారు. ఆరోజే పోర్టల్ కుప్పకూలింది. వాయిదా వేసి ఏప్రిల్ 1న మళ్లీ మొదలుపెట్టారు. రాష్ట్రం లోపలి రవాణాకూ కర్ణాటక అదే రోజు అమలు చేయగా, ఏపీ, తెలంగాణ ఏప్రిల్ 15న చేరాయి.

లోపల ఏముంది?
రిటర్నులు, రిజిస్ట్రేషన్ల సంగతి చూసేది 2013లో ఏర్పడిన జీఎస్‌టీ నెట్‌వర్క్. దాని వ్యవస్థను కట్టే పనిని 2015లో రూ.1,380 కోట్లకు బెంగళూరుకు చెందిన ఇన్ఫోసిస్ దక్కించుకుంది. ఇందులో ఎక్కువ భాగం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌దే. అంటే మూలకోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. రిటర్నుల గడువు దగ్గరపడితే వ్యాపారులంతా ఒక్కసారే మీద పడతారు. అప్పుడు యంత్రాలు పెంచుకోవాలంటే ఒక్కోదానికీ లైసెన్సు సొమ్ము కట్టక్కర్లేదు. ఒకే కంపెనీకి కట్టుబడి ఉండాల్సిన పనీ లేదు. ఆధార్‌దీ ఇదే దారి. ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్‌కే మొగ్గు చూపాలని కేంద్రం 2015లో విధానమే ప్రకటించింది.

రెండు కంప్యూటర్ల నడుమ
చవగ్గా వచ్చినంత మాత్రాన చిక్కులు తీరవు. దేవనహళ్ళి విమానాశ్రయం లాంటి చోట్ల నుంచి సరకు విదేశాలకు పంపేవాళ్లకు కట్టిన ఐజీఎస్‌టీ తిరిగి రావాలి. అందుకు కస్టమ్స్ షిప్పింగ్ బిల్లు, జీఎస్‌టీ రిటర్ను పొంతన కుదరాలి. ఇన్వాయిస్ నంబరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా వాపసు ఆగిపోయేది. ఇలా దేశవ్యాప్తంగా సొమ్ము చిక్కుకుపోవడంతో 2018 మార్చిలో అధికారులు ప్రత్యేకంగా ‘రీఫండ్ పక్షం’ నిర్వహించాల్సి వచ్చింది.

తలుపు సగమే తెరిచారు
పునాది ఓపెన్ సోర్స్‌దే అయినా, దానిమీద కట్టిన పన్ను ప్రోగ్రాం మాత్రం జనానికి అందుబాటులో లేదు. ఫ్రాన్స్‌లో 2016లో పన్నుల శాఖ ఆదాయపు పన్ను లెక్కగట్టే ప్రోగ్రాం కోడ్‌నే బయటపెట్టింది. లెక్క ఎలా వచ్చిందో చదవగలిగినవాళ్లు చదువుకోవచ్చు. ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్‌ను పంచుకోవాలని మన కేంద్రం కూడా 2015లోనే విధానం తెచ్చింది. పన్ను లెక్కల దాకా అది వస్తే, వడ్డీ ఎందుకు పడిందో ఆడిటరే సరిచూసి చెప్పగలడు.

లారీ యజమానులకు..
సాధారణ సరకుకు ఈ-వే బిల్లు గడువు మొదట 100 కిలోమీటర్లకు ఒకరోజు. 2021 జనవరి 1 నుంచి 200 కిలోమీటర్లకు ఒకరోజు చేశారు. దారిలో బండి చెడితే గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల దాకా పొడిగించుకోవచ్చు. ముందే ఫోన్ నంబరు నమోదు చేసుకున్న వ్యాపారులు ఎస్‌ఎంఎస్ ద్వారానూ బిల్లు తీసుకోవచ్చు.