మేడారం జాతర: ఖర్చయ్యే సొమ్ము, ఊరికి మిగిలే ఆదాయం

ఉత్సవాల ఆర్థిక ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు జనసంఖ్యను తలసరి ఖర్చుతో హెచ్చవేసి, వచ్చిన మొత్తాన్నే స్థానిక ఆదాయంగా చూపడం పరిపాటి. చిన్న గ్రామాల విషయంలో ఈ లెక్క దారి తప్పిస్తుంది. ములుగు జిల్లాలోని మేడారం ఇందుకు తగిన ఉదాహరణ.

రెండేళ్లకొకసారి మాఘమాసంలో నాలుగు రోజులు జరిగే సమ్మక్క-సారలమ్మ జాతరను 1996లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఇటీవలి జాతరలకు కోటికి పైగా జనం వచ్చినట్టు అధికారులు చెబుతున్నారు. ఆతిథ్యమిచ్చేది మాత్రం అడవి నడుమనున్న కొన్ని చిన్న ఊళ్లు.

భక్తుడి ఖర్చును చివరిదాకా అనుసరిస్తే విషయం తేటపడుతుంది. బస్సు చార్జీ రోడ్డు రవాణా సంస్థకు చేరుతుంది. హుండీ కానుకల లెక్కింపు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హనుమకొండలో జరుగుతుంది. ఇక భక్తులు ‘బంగారం’ అని పిలిచి సమర్పించే బెల్లం సంగతి. నిలువెత్తు బంగారం మొక్కుకు మనిషి బరువంత బెల్లం కావాలి. ఇక్కడి ప్రధాన పంట వరి, చెరకు కాదు. బెల్లం బయటి మార్కెట్ల నుంచి రావలసిందే. స్థానికుడు తానే దుకాణం పెట్టుకున్నా అతడికి దక్కేది చిల్లర లాభమే. అర్థశాస్త్రం దీన్నే ‘లీకేజీ’ అంటుంది. అది పెరిగిన కొద్దీ గుణకం విలువ తగ్గుతుంది.

ఊరి చేతిలో నిజంగా ఉన్న వనరు స్థలం. గుడారాలకు, దుకాణాలకు, వాహనాలకు పొలాలూ ఇంటి ఆవరణలూ కావాలి. కానీ మాఘం నాటికి యాసంగి వరి పొలంలో ఉండాలి. జాతర కోసం ఖాళీగా ఉంచిన పొలంలో ఆ పంట లేనట్టే. దాని విలువను, ఆపైన సీసాముక్కలు, ప్లాస్టిక్ ఏరి నేలను బాగుచేసుకునే ఖర్చును అద్దెలోంచి తీసివేయనిదే నికరాదాయం తేలదు. మరొక చిక్కు చట్టానిది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూ బదలాయింపును నిషేధించే 1/70 నిబంధన దృష్టిలో లీజు కూడా బదలాయింపే. గిరిజనుల భూమికి ఈ రక్షణ అవసరమే, అందులో సందేహం లేదు. అయితే బయటి వ్యాపారికి స్థలమిచ్చే ఒప్పందం నోటిమాటగానే మిగిలే అవకాశం ఎక్కువ. నోటిమాట ఏ గణాంకంలోనూ నమోదు కాదు. మాట తప్పినవాడిని అడిగే దారీ చూపదు. దారి పక్కన పొలం లేని కుటుంబానికి ఈ అద్దె కూడా లేదు, కొద్ది రోజుల కూలి తప్ప.

రెండేళ్ల ఆవృత్తి పరిశోధకుడికి ఒక వెసులుబాటు. జాతర ఉన్న ఏడాదిలోనూ లేని ఏడాదిలోనూ అదే మాఘంలో అవే ఇళ్లను సర్వే చేసి, పంట, అద్దె, కూలి, అప్పుల వివరాలను పోల్చవచ్చు. నడుమ ఏడాదిలో చిన్న జాతర జరుగుతుంది గనుక ఆ ఏడాది ఆదాయాన్ని శూన్యంగా భావించకుండా, దాన్ని విడిగా నమోదు చేయవలసి ఉంటుంది.