పాత ఓడ టికెట్టు అసలుదా, నకిలీదా? మన ఫోన్‌తోనే ఎట్లా చూడాలి

ఈ ఎపిసోడ్‌లో ఓడల గురించి. తిరుపతిలో సముద్రమే లేదు కదా, ఓడలతో మనకేం పని అంటారా? ఉండాది. 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి చెరకు తోటల పనికి వేలమంది పోయినారు. వాళ్ళలో మన చిత్తూరు వైపు వాళ్ళు కూడా ఉన్నారు. మొదటి ఓడ ట్రూరో, 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. తర్వాత 1926లో కట్టిన రజులా ఓడ మద్రాసు, సింగపూర్ మధ్య దశాబ్దాలపాటు తిరిగింది.

అందుకే ఎవరైనా "ముత్తాత కాలం ఓడ పాసు" అని అమ్మజూపితే మనకి ఆశ పుడుతుంది. కొనేముందు నాలుగు విషయాలు చూడండి. పసుపు రంగుని మాత్రం నమ్మొద్దు. టీ డికాక్షన్‌లో ముంచితే నిన్నటి కాగితం కూడా వందేళ్ళ దానిలా కనిపిస్తుంది.

ఒకటి, పేర్లు. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి నార్త్ ఆర్కాట్ జిల్లాలో, మదనపల్లె కడప జిల్లాలో ఉండేవి. 1890 నాటి పాసు మీద "చిత్తూరు జిల్లా" అని ఉంటే అక్కడే ఆగండి. 1910 తేదీతో రజులా టికెట్టు ఉండదు, అప్పటికి ఆ ఓడే లేదు. పిన్‌కోడ్ వచ్చింది 1972లో. 1950 నాటి రసీదు మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉందంటే అది నకిలీయే.

రెండు, ప్రింటు. ఫోన్ కెమెరాతో బాగా జూమ్ చేయండి. బొమ్మల్లో చుక్కలు పాతకాలంలోనూ ఉండేవి, దానికి భయపడొద్దు. కానీ పెన్నుతో పెట్టిన సంతకం, రబ్బరు ముద్ర కూడా రంగు చుక్కలుగా విడిపోతే, అది అసలు కాగితాన్ని ఫోటో తీసి కొట్టిన ప్రింటు.

మూడు, వెలుగు. అంగళ్ళలో దొంగ నోట్లు చూసే యూవీ లైటు కింద పెట్టండి. తెల్లదనం కోసం కాగితంలో కలిపే కెమికల్ 1950 ప్రాంతం నుంచే వాడకంలోకి వచ్చింది. 1926 టికెట్టు నీలంగా మెరిసిపోతే అనుమానించాల్సిందే. మెరవకపోతే అసలుదని మాత్రం కాదు, ఆ కెమికల్ లేని కాగితం ఇప్పుడు కూడా దొరుకుతుంది.

నాలుగు, రికార్డు. నటాల్ పోయిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు ఓడవారీగా రాసుకున్నారు. పాసు మీది నంబరు, ఓడ పేరు, మనిషి పేరు ఆ లిస్టుతో కలవాలి.

ఇది డబ్బుతో పోయే విషయం కాదబ్బా. డర్బన్‌లో పుట్టిన నాలుగో తరం మనవడు తన ఊరు వెతుక్కుంటా వస్తాడు. చేతిలో ఉన్న కాగితం నకిలీదైతే, తనది కాని ఊర్లో, తనవాళ్ళు కాని ఇంటి ముందు నిలబడతాడు.

ఇంకో మాట. అసలు కాగితం మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగునే ఉండొచ్చు. పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేయకండి. లామినేషన్ చేయించొద్దు, టేపు అంటించొద్దు. రెండు పక్కలా ఫోటో తీసి, ఎండ తగలకుండా దాచండి. అది ఎవరిదో ఇంట్లో పెద్దోళ్ళని అడిగి, వాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.